పై వరస

సామర్లకోట స్టేషన్లో ఇరవై ఆరేళ్లపాటు మైకులో బళ్ల రాకపోకలు చెప్పిన వకుళకి యాభై ఏడో ఏట గొంతు బొంగురుపోయింది. జలుబనుకుంది. మిరియాల పాలు తాగింది. రెండు నెలల తర్వాత కాకినాడ డాక్టరు అది జలుబు కాదని చెప్పాడు. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఊపిరి పీల్చుకోవడానికి మెడ కింది భాగంలో ఒక రంధ్రం మిగిలింది. మనిషి దక్కింది, మాట పోయింది.

ఆమె ఉండేది తమ్ముడు కోదండం ఇంట్లో. అతను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ ఇన్‌స్ట్రక్టర్. తండ్రి రైల్వేలో పనిచేస్తూ పోయినప్పుడు ఆ ఉద్యోగం వకుళకి ఇచ్చారు. ఆమె డిగ్రీ మధ్యలో మానేసి చేరింది. మొదట టికెట్ల కిటికీ దగ్గర, తర్వాత మైకు ముందు కూర్చుంది. పదేళ్ల తమ్ముణ్ణి చదివించింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే ‘వాడి చదువు అవనివ్వండి’ అనేది. వాడి చదువయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్లు లేకపోయారు.

ఆపరేషన్ అయ్యాక ఆమె చిన్న నోటుపుస్తకం ఒకటి వెంటపెట్టుకుని తిరిగేది. కావలసింది రాసి చూపించేది. ఎదుటివాళ్లు చదివేలోపు ఆ మాట చల్లారిపోయేది. కోదండం భార్య శేషారత్నం పొయ్యి దగ్గర నుంచి వచ్చి, చెయ్యి తుడుచుకుని, కళ్లజోడు వెతుక్కునేసరికి వకుళ ‘ఏం లేదులే’ అన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయేది. అది చూసినప్పుడల్లా కోదండం సగం అన్నంలో లేచిపోయేవాడు.

ఐటీఐ ల్యాబ్‌లో పాత ఈసీజీ మిషన్ ఒకటి ఉండేది. దాని పట్టీలు ఎండిపోయాయి. కోదండం వాటికి బదులు తుమ్మజిగురులో, మిఠాయిల మీద అంటించే వెండిరేకు నలిపి కలిపి, పల్చటి మల్లుగుడ్డ మీద పూసి ఆరబెట్టాడు. చేతులు ఖాళీ లేక ఒక ముక్కని గడ్డం కింద అంటించుకుని, రెండోది కత్తిరిస్తూ మనసులో కొలతలు లెక్కపెట్టుకుంటున్నాడు. మిషన్ తెర మీద గీత కదిలింది. అతని నోరు మూసే ఉంది. ఒకటి అనుకుంటే ఒకలా, రెండు అనుకుంటే మరోలా కదిలింది. కత్తెర కింద పెట్టి మళ్లీ ఒకటి అనుకున్నాడు. మళ్లీ మొదటిలాగే కదిలింది.

మనిషి ఒక మాట పలకబోయినప్పుడు, పలకకపోయినా సరే, నాలుక మొదలుకీ మెడ కండరాలకీ కబురు వెళ్తుంది. ఆసుపత్రి పట్టీలకి అందనంత సన్నటి కబురు అది. ఈ జిగురు పట్టీకి అందింది. ఎందుకు అందిందో కోదండానికి చివరిదాకా తెలియలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు ప్రతి ఉదయం అక్కాతమ్ముళ్లు వరండాలో ఎదురెదురుగా కూర్చున్నారు. అతను కాగితం మీద మాట చూపించేవాడు. ఆమె మెడకి పట్టీ కట్టుకుని, గొంతు లేకుండా, పెదవులు కదపకుండా దాన్ని పలికేది. కంప్యూటర్ ఆ కదలికను దాచుకునేది. ముందు అక్షరాలు, తర్వాత మాటలు, తర్వాత వాక్యాలు. నేర్చుకున్నదంతా కుదించి కోదండం అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డులోకి ఎక్కించాడు. దానికి నాలుగు వైర్లతో రెండు గోళ్ల వెడల్పున్న డిస్‌ప్లే తగిలించాడు. తెలుగు అక్షరాలు దానికి రావు. ఒత్తులూ గుణింతాలూ అన్నీ చుక్క చుక్కగా తనే పేర్చాడు. మొత్తం ఒక డబ్బాలో అమర్చి, నల్లతాడు కట్టి అక్క మెళ్లో వేశాడు.

డిస్‌ప్లేలో రెండు వరసలు. ఆమె పలుకుతున్నంతసేపూ అక్షరాలు పై వరసలో వస్తాయి. వాక్యం పూర్తి కాగానే కింది వరసలోకి దిగి, ఎదుటివాళ్లు చదివేదాకా అక్కడే నిలబడతాయి.

మొదటి రోజు ఆమె సంచీ తీసుకుని సంత దగ్గరికి వెళ్లింది. కోదండం వెనకాలే వెళ్లాడు. వంకాయలమ్మే ఆవిడ ముందు వకుళ వంగి, డబ్బా ముందుకు చాపింది.

‘ఇవి నిన్నటివి.’

ఆవిడ డబ్బాలోకి తొంగిచూసింది. ‘నిన్నటివి కాదమ్మా, పొద్దున్నే కోసుకొచ్చాను. తొడిమ చూడండి,’ అంది.

‘తొడిమ చూసే అంటున్నాను.’

ఆవిడ నవ్వేసి బుట్ట అడుగు నుంచి వేరే కాయలు తీసింది. వకుళ తమ్ముడి వైపు తిరిగింది. ఆమె కళ్లు తడిశాయి. కోదండం ఎటో చూస్తూ సంచీ అందుకున్నాడు. ఆ నెలంతా ఇల్లు సందడిగా ఉంది. స్టేషన్లో ఆమెతో పనిచేసినవాళ్లు వచ్చి కూర్చుని, ఆమె మెళ్లోని డబ్బా చదువుతూ నవ్వేవాళ్లు.

రెండో నెలలో తేడా మొదలైంది. వకుళ మాట్లాడబోయినప్పుడు కొన్నిసార్లు పై వరసలో ఏవో అక్షరాల ముక్కలు తళుక్కున మెరిసి పోయేవి. కన్ను పట్టేలోపు మాయమయ్యేవి. ఆ తర్వాత ఆమె అనాలనుకున్న వాక్యం మామూలుగా వచ్చేది. చదివేవాళ్లకి ఇబ్బందేమీ లేదు. కానీ కోదండం పాతికేళ్లుగా పిల్లలకి తప్పులు పట్టుకోవడం నేర్పినవాడు. తన చేతి పనిలో మెరుపు ఉంటే ఊరుకోలేకపోయాడు.

ముందు వైర్లు చూశాడు. వదులుగా ఉన్నవి మార్చి, అతుకులన్నీ మళ్లీ సోల్డరింగ్ చేశాడు. తగ్గలేదు. కరెంటు తొణుకుతోందేమోనని కెపాసిటర్ పెట్టాడు. తగ్గలేదు. బోర్డుకీ డిస్‌ప్లేకీ మధ్య కబురు నడిచే రెండు వైర్లకీ రెసిస్టర్లు మార్చాడు, కబురు వేగం తగ్గించాడు. మెరుపు అలాగే ఉంది. డిస్‌ప్లేనే తీసేసి కొత్తది వేశాడు. కొత్తదాన్లోనూ అదే.

ఇలాంటి బోర్డులతో సరదాగా ప్రయోగాలు చేసుకునేవాళ్లు ఇంటర్నెట్లో ఒకచోట చేరి, ఒకరి తిప్పలు ఒకరికి చెప్పుకుంటారు. కోదండం అక్కడ తన సర్క్యూటూ కోడూ పెట్టి, ఫొటోలు తగిలించి అడిగాడు. నలుగురైదుగురు అతను చేసినవే మళ్లీ చేయమన్నారు. ముసలి టీవీ మెకానిక్ ఒకాయన మాత్రం ఇలా రాశాడు: ‘కొత్త డిస్‌ప్లేలోనూ అదే వస్తే తప్పు డిస్‌ప్లేది కాదు మాష్టారూ. బోర్డు ఏది పంపితే అది చూపించడం తప్ప దానికి ఇంకేం తెలీదు. ఆ మెరుపేవిటో ముందు చదవండి.’

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర కోదండం ఫోన్ని గ్లాసుకి ఆనించి, డబ్బాని వీడియో తీశాడు.

‘ఏంటిరా అది?’ అంది వకుళ డబ్బాలో.

‘ఆ మెరుపు చూద్దామని అక్కా. నువ్వు మామూలుగా మాట్లాడు.’

శేషారత్నం గుత్తివంకాయ వడ్డిస్తూ, ‘ఎలా ఉంది వదినగారూ?’ అని అడిగింది.

‘బాగుంది రత్నం.’

భోజనం అయ్యాక కోదండం వరండాలో కూర్చుని ఆ వీడియోని బాగా నెమ్మది చేసి చూశాడు. మెరుపు అక్షరాలుగా విడిపోయింది. పై వరసలో ‘ఉప్పు ఎక్కు’ అని వచ్చి, అక్కడ ఆగి, చెరిగిపోయింది. ఆ తర్వాత ‘బాగుంది రత్నం’ వచ్చి కిందికి దిగింది.

అతను గట్టిగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. ఏం జరుగుతోందో అప్పుడు అర్థమైంది. డిస్‌ప్లే బాగానే ఉంది. వైర్లు బాగానే ఉన్నాయి. మనిషి నోటికి ముందొక మాట వస్తుంది. మనిషి దాన్ని సగంలో మింగి, వేరే మాట అంటుంది. మింగిన ఆ మాట కూడా మెడ దాకా వెళ్లే ఆగుతోంది. ఆ వెళ్లిన మేరకు పట్టీ పట్టుకుంటోంది. గొంతు ఉన్నవాళ్లలో అది ఎవరికీ వినబడదు.

పూర్తికాని వాక్యాన్ని పై వరసలో చూపించవద్దని కోడ్‌లో ఒక్క లైను రాస్తే సరిపోయేది. అతను ఆ లైను రాయలేదు. దానికి బదులు, మింగిన మాటా అన్న మాటా రెండూ వేళతో సహా మెమరీ కార్డులో చేరేలా రాశాడు. పరీక్ష కోసమే అనుకున్నాడు. నాలుగు రోజులు చూసి తీసేద్దామనుకున్నాడు. ఇంటర్నెట్లో తన ప్రశ్న కిందే జవాబు పెట్టాడు: ‘తప్పు దొరికింది. ఆ మెరుపు చెత్త కాదు, మనిషి అనబోయి ఆపుకున్న మాట.’ పట్టీ తయారుచేసే విధానం, మింగిన మాటల్ని నిలిపి ఉంచే కోడ్ కూడా ఉత్సాహంగా పెట్టేశాడు. మూడు రోజుల్లో ఎన్నో అభినందనలు వచ్చాయి. అక్కకి మాత్రం, ‘లూజ్ కాంటాక్ట్. సరిచేశాను,’ అని చెప్పాడు. పై వరసని ఎవరికీ కనబడకుండా చీకటి చేశాడు కాబట్టి ఆమె నమ్మింది.

అప్పటి నుంచి పట్టీ మార్చే వంకతో రోజూ ఆ కార్డు తీసుకెళ్లి, ల్యాబ్‌లో భోజన విరామంలో చదివేవాడు.

మొదట్లో సరదాగానే ఉంది. ఎదురింటావిడ వచ్చినప్పుడు పైన ‘ఈవిడ ఇంకా లేవదేం’, కింద ‘ఇంకాసేపు కూర్చోండి’. టీ ఇచ్చినప్పుడు పైన ‘వద్దు’, కింద ‘ఇలా ఇవ్వమ్మా’. ఐదో రోజున పైన ‘ఈ ఇంట్లో నేనెవర్ని’ అని ఉంది. కింద ‘నేను తోమేస్తాలే రత్నం, నువ్వు పడుకో’. అది చదివి అతను టిఫిన్ బాక్సు మూసేశాడు.

ఏడో రోజున, తనతో మాట్లాడిన వేళకి ఎదురుగా ఉన్నది చదివాడు. ఆ ఉదయం అతను, ‘మెడ దగ్గర మంటగా ఉందా అక్కా?’ అని అడిగాడు. కింద ‘ఫర్వాలేదురా’ అని ఉంది. పైన ‘ఎందుకు తీయించావు’.

కోదండానికి కాకినాడలో ఆ గది కళ్లముందు మెదిలింది. రెండు దారులున్నాయని డాక్టరు చెప్పాడు. రేడియేషన్ కరెంటు పెట్టించి మందులు వాడితే గొంతు దక్కవచ్చు, జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువ. తీసేస్తే ప్రాణానికి ధీమా ఎక్కువ. వకుళ ఆ బొంగురు గొంతుతో, ‘రెండు రోజులు టైమివ్వండి డాక్టరుగారూ, ఆలోచించుకుంటాను,’ అంది. కోదండమే అడ్డుపడ్డాడు. ‘రెండు రోజుల్లో ఏం మారుతుందక్కా? తీసేయండి సార్,’ అన్నాడు. కాగితం ఆమె ముందుకి తోసి, కలం మూత తీసి చేతిలో పెట్టాడు. ఆమె అతని ముఖం చూసింది. సంతకం పెట్టింది. తర్వాత చుట్టాలందరికీ ‘తమ్ముడు మంచిపని చేశాడు’ అని నోటుపుస్తకంలో రాసి చూపించింది.

ఆ తర్వాత రోజుల్లో ఆ వాక్యం మళ్లీ మళ్లీ వచ్చింది. అతను గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చినా, పట్టీ మార్చినా, ఐటీఐ నుంచి వచ్చి పలకరించినా పైన అదే. కింద ‘ఫర్వాలేదు’, ‘బాగానే ఉన్నాన్రా’, ‘నువ్వు తిన్నావా’. కింద ఉన్నవాటిని అతను చదవడం మానేశాడు. పైవాటిని మాత్రం వేరే కాగితం మీద ఎక్కించుకున్నాడు. పంతొమ్మిది రోజులకి నలభై ఒక్కసారి.

ఇంట్లో అతను మారిపోయాడు. అక్క ఏమన్నా ముఖం చూడకుండా జవాబిచ్చేవాడు. ‘ఏవండీ, ఒంట్లో బాగోలేదా?’ అని శేషారత్నం అడిగితే విసుక్కునేవాడు. వకుళ అతని నుదుటి మీద చెయ్యివేసి చూసింది. ఆ క్షణంలో ఆమె లోపల ఏం మింగిందో మర్నాడు మధ్యాహ్నం చదివితే తెలుస్తుందనుకున్నాడు.

ఆదివారం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. వకుళ డబ్బా ముందుకి జరిపింది.

‘సోమవారం చెకప్‌కి నేనొక్కదాన్నే వెళ్తానురా. నీకు సెలవుండదు.’

‘నేనొస్తాను,’ అన్నాడు కోదండం.

‘ఫర్వాలేదులే.’

అతను కంచంలో చెయ్యి అలాగే ఉంచి తలెత్తాడు. ‘నాకు తెలుసక్కా. నీకు రెండు రోజులు టైమివ్వకపోవడం నా తప్పే. నువ్వు పోతావేమోనని భయపడ్డాను. రోజూ అడుగుతూనే ఉన్నావు ఎందుకు తీయించావని. ఇంకెన్నిసార్లు అడుగుతావు?’

శేషారత్నం అతని వంక వింతగా చూసింది. ‘వదినగారు ఎప్పుడడిగారండీ?’ అంది.

వకుళ చూపు తమ్ముడి ముఖం మీద నుంచి నెమ్మదిగా తన మెళ్లోని డబ్బా మీదికి దిగింది. అరచేత్తో దాన్ని కప్పేసింది. ఎడంచేత్తో మెడ వెనక ముడి విప్పి పట్టీ తీసి పీట పక్కన పెట్టింది. లేచి చెయ్యి కడుక్కుని నోటుపుస్తకం తెచ్చింది.

‘ఎన్నాళ్ల నుంచి?’ అని రాసింది.

‘పంతొమ్మిది రోజులు.’

‘చూపించు.’

అతను కంప్యూటరూ, తను ఎక్కించుకున్న కాగితమూ తెచ్చి ముందు పెట్టాడు. ఆమె మొదటి నుంచి చదివింది. భుజం మీదుగా శేషారత్నం కూడా చదివింది. ఎదురింటావిడ దగ్గర కొద్దిగా నవ్వబోయింది. ‘ఈ ఇంట్లో నేనెవర్ని’ దగ్గరికి వచ్చేసరికి కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. పంపు కింద నీళ్లు చాలాసేపు పారాయి. వకుళ వంటింటి గుమ్మం వైపు చూసింది, లేవబోయి మళ్లీ కూర్చుంది.

అప్పుడు రాయడం మొదలుపెట్టింది. రెండు పేజీలు రాసి తమ్ముడి ముందుకి జరిపింది.

‘మైకు ముందు కూర్చున్నప్పుడు, బండి ఆరు గంటలు లేటని ఫోనొస్తే నా నోటికి మొదట తిట్టు వచ్చేది. ఒక్కోసారి ఏడుపొచ్చేది. ప్లాట్‌ఫాం మీద చంటిపిల్లలతో ఉన్నవాళ్లు నాకు కిటికీలోంచి కనబడేవాళ్లు. స్విచ్చి నొక్కేలోపు అదంతా మింగి, అసౌకర్యానికి చింతిస్తున్నాం అనేదాన్ని. ఆ చింత అబద్ధం కాదురా. తిట్టు మొదట వచ్చింది కాబట్టి అదే నిజమని ఎవరన్నారు?

ఎందుకు తీయించావని నాలో రోజూ వస్తుంది. రాదని చెప్పను. నా గొంతు కదా. వచ్చిన ప్రతిసారీ దాన్ని పక్కన పెట్టి నీతో ఫర్వాలేదు అంటున్నాను. నలభై ఒక్కసార్లు నేను నిన్ను క్షమించాను. నువ్వు వాటిల్లో ఒక్కటీ చదవలేదు. పారేసినవి ఏరుకున్నావు.

ఇప్పుడు రత్నానికి నేనేం చెప్పాలో నువ్వే చెప్పు.’

కోదండం రెండుసార్లు చదివాడు. ‘తప్పయిపోయిందక్కా,’ అన్నాడు. ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టో, చాలన్నట్టో అతనికి తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే అతను ఆ ఒక్క లైనూ రాశాడు. కార్డు తీసి కత్తెరతో రెండు ముక్కలు చేశాడు. వకుళ చూస్తుండగానే పై వరసని కోడ్‌లోంచి పూర్తిగా తుడిచేసి, ‘ఇంక ఏదీ ఎక్కడా నిలవదక్కా. పూర్తయిన మాటే వస్తుంది,’ అని డబ్బా చేతికిచ్చాడు. ఆమె కాసేపు ఆలోచించి పట్టీ కట్టుకుంది.

డిస్‌ప్లే ఖాళీగా ఉంది.

‘ఏదన్నా అనక్కా.’

ఖాళీగానే ఉంది. కోదండం మల్టీమీటర్ తెచ్చాడు. బోర్డుకి కరెంటు సరిగ్గా వస్తోంది. నాలుగు వైర్లూ ఒక్కొక్కటీ పట్టి చూశాడు, గట్టిగా ఉన్నాయి. కంప్యూటర్ నుంచి పరీక్ష వాక్యం పంపితే డిస్‌ప్లే మీద వెంటనే ‘నమస్కారం’ అని వెలిగింది. పట్టీ విప్పి తన గడ్డం కింద కట్టుకుని, కంప్యూటర్ తెర చూస్తూ ఒకటి అనుకున్నాడు. గీత కదిలింది. మళ్లీ అక్క మెడకి కట్టాడు. గీత తాడులా చదునుగా సాగింది.

‘నువ్వు అంటున్నావా?’

ఆమె అవునన్నట్టు తల ఊపింది. కళ్లు మూసుకుని మళ్లీ ప్రయత్నించింది. గీత కదలలేదు. మాట మెడ దాకా వస్తే ఎవరో చూస్తారన్న భయం ఆమెలో పడింది. మాట అక్కడిదాకా రావడం లేదు. అంతకుముందే ఆగిపోతోంది. ఆమె ఆపాలనుకుని ఆపడం లేదు.

వారం రోజులు చూశారు. కోదండం సెలవు పెట్టి కాగితాల మీద పాత మాటలు మళ్లీ రాసి, మొదటి రోజుల్లోలాగా వరండాలో ఒక్కొక్కటీ చూపించాడు. ‘అమ్మ’ అన్న మాటకి ఒకసారి గీత వణికింది. అంతే. ఎనిమిదో రోజున ఆమె పట్టీ విప్పి, తాడు చుట్టి, డబ్బాతో సహా తమ్ముడి చేతిలో పెట్టింది. ఈ తప్పుకి మార్చాల్సిన వైరు ఏదీ లేదని అతనికి తెలుసు.

శేషారత్నం వకుళని ఏమీ అనలేదు. కానీ వడ్డించేటప్పుడు ఇదివరకు ఆమె కంచంలో అడక్కుండా వేసేది. ఇప్పుడు గరిటె పట్టుకుని నిలబడి, ‘వెయ్యమంటారా?’ అని అడుగుతోంది. వకుళ ప్రతిసారీ తల ఊపి, రుచి ఎలా ఉన్నా అంతా తినేది.

కోదండం ఇంటర్నెట్లో తాను పెట్టినదంతా తీసేశాడు. అప్పటికే నాలుగు వందల మందికి పైగా దాన్ని దించుకున్నారు. ఎక్కడో ఊళ్లో ఒకతను, పక్షవాతంతో మాట పడిపోయిన తన తండ్రికి పట్టీ కట్టి, ‘ఇప్పుడు ఆయన అసలు మనసు తెలుస్తోంది, మీకు రుణపడి ఉంటాను,’ అని రాశాడు. కోదండం అతనికి పెద్ద ఉత్తరమే రాశాడు. పై వరస చూడవద్దని, కింది వరస చాలని, తన ఇంట్లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాడు. జవాబు రాలేదు. మిగతా నాలుగు వందల మందిలో ఎవరికి రాయాలో అతనికి తెలియలేదు.

ఆ ఆదివారం మర్నాడే, సోమవారం చెకప్‌కి వకుళ ఒక్కతే వెళ్లివచ్చింది. జబ్బు తిరగబెట్టలేదన్నారు. అక్కడ ఆసుపత్రిలో, స్వరపేటిక లేనివాళ్లకి గాలి మింగి, అన్నవాహిక నుంచి తేన్పులా పైకి తెచ్చి దాన్ని మాటగా మలచుకోవడం నేర్పే ఆవిడ ఉంది. డబ్బా తిరిగిచ్చేశాక వకుళ వారానికి మూడు రోజులు ఆమె దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి గది తలుపు వేసుకుని సాధన చేసేది. తలుపు అవతల నుంచి వచ్చే ఆ శబ్దాలు విని కోదండం వరండాలోకి వెళ్లిపోయేవాడు.

పది నెలలు పట్టింది. ఒక ఉదయం వంటింట్లో శేషారత్నం కూర దించుతుంటే వెనక నుంచి బండరాయి మీద ఇసుక రుద్దినట్టున్న గొంతు వినబడింది.

‘రత్నం. ఈ ఇల్లు నాది. నీ వల్లే.’

శేషారత్నం వెనక్కి తిరిగి ఆడపడుచుని గట్టిగా కౌగిలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఆ మధ్యాహ్నం శేషారత్నం అడక్కుండానే వడ్డించింది. వంటింట్లో అక్క అన్న ఆ మాటలు కోదండం గుమ్మం అవతల నిలబడి విన్నాడు. అవి ముందుగా తనకి దక్కలేదని బాధపడలేదు. దక్కవలసిన అర్హత లేదనుకున్నాడు.

ఇప్పుడు వకుళే కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లకి నేర్పడానికి బుధవారాలు కాకినాడ వెళ్తోంది. తమ్ముడితో మాట్లాడుతుంది. బస్సు వేళ అడుగుతుంది, గొడుగు ఎక్కడుందని అడుగుతుంది. ఒక బుధవారం ఆమె చెప్పులు తొడుక్కుంటుంటే కోదండం ఉండబట్టలేక అడిగాడు.

‘అక్కా, నా మీద కోపం పోయిందా?’

ఆమె నిలబడి, గాలి మింగి, అంది. ‘ఆఁ. పోయింది.’

అతను ఆమె మెడ వంక చూస్తూ ఉండిపోయాడు. ఆమె అది గమనించింది.

‘ఏం వెతుకుతున్నావురా? నేను అన్నది అంతే. ఇంకేం లేదు.’

‘లేదక్కా, ఏం లేదు,’ అన్నాడు.

ఆమె సంచీ భుజాన వేసుకుని, గేటు తీసుకుని బస్‌స్టాప్ వైపు నడిచింది. గాలి మింగడానికి ఎవరికైనా కొంత సమయం పడుతుందని కోదండానికి తెలుసు. ఆ మాట నమ్మాలని అతనికి ఉంది. కానీ తను అడిగాక ‘ఆఁ’ అనడానికి ఆమెకి ఎంతసేపు పట్టిందో అప్పటికే లెక్కపెట్టేసుకున్నాడు.